షారన్ పక్కన ఖాళీ

సూళ్లూరుపేటలో మా ఇంటి హాల్లో షారన్ ఫోటో ఉంది. మా ఆయన హెన్రీ మొదటి భార్య. పోయి ఆరేళ్లయినా మా ఇంట్లో పెద్దపీట ఆమెదే. నేను చేపల పులుసు పెడితే ఆయనకు షారన్ పెట్టిన పులుసు గుర్తొస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. దాచుకోను.

అన్నిటికన్నా మంట ఆ సమాధి రాయి. ఎడమ సగంలో షారన్ పేరు, కుడి సగం ఖాళీ. రేపు ఆయన పేరు చెక్కడానికట! మరి నేనెక్కడ పడుకోవాలి?

ఈ మధ్య ఆయన గుండె బలహీనపడింది. ఏ క్షణమైనా ఆగొచ్చని నెల్లూరు డాక్టరు ఒక చొక్కా తొడిగించాడు. గుండె లయ తప్పితే అదే షాక్ కొట్టి బతికిస్తుంది. ముందు చొక్కా గుర్రుమని వణుకుతుంది, తర్వాత సైరన్. మనిషికి స్పృహ ఉంటే నడుం దగ్గరి పెట్టె మీద రెండు బటన్లు నొక్కి పట్టుకోవాలి, షాక్ రాదు.

"ఆయన తప్ప ఇంకెవరూ నొక్కకూడదమ్మా. నొక్కితే ప్రాణం పోతుంది" అన్నాడు డాక్టరు.

ఆ చొక్కా చూశాక ఆ ఖాళీ సగం మరీ గుచ్చుకుంది. ఆయనకు చెప్పకుండా, రాళ్లు చెక్కే హజరత్తయ్యను పిలిచి ఆ సగం నిండా ఒక బైబిల్ వాక్యం చెక్కించేశాను. ఆ మధ్యాహ్నం హాయిగా అన్నం తిన్నాను.

సాయంత్రం వాన. కరెంటు పోయింది. పులికాట్ సరస్సు వైపు నుంచి ఉప్పు గాలి కొడుతోంది. ఆయన మంచం మీద ఒరిగి ఉన్నాడు. నేను కొవ్వొత్తి వెలిగిస్తుంటే చొక్కా గుర్రుమంది. వెంటనే సైరన్. ఆయన కళ్లు తేలేశాడు.

"ఎవరూ ముట్టుకోవద్దు" అంది పెట్టెలోని రికార్డు గొంతు.

దూరంగా నిలబడ్డాను. షాక్ కొట్టాలి... ఇప్పుడు కొట్టాలి...

సైరన్ ఆగిపోయింది.

ఆయన చేతులు రెండూ మంచం అంచున వేలాడుతున్నాయి. పెట్టె మీద బటన్లు మాత్రం లోపలికి దిగి ఉన్నాయి. ఎవరో నొక్కి పట్టుకున్నారు... ఎవరూ లేరు. సమాధులకు కొట్టే తడి సున్నం వాసన గుప్పుమంది.

నాకు అర్థమైంది. అప్పుడు కూడా ముందు కోపమే వచ్చింది.

"వదులు" అన్నాను గుసగుసగా.

బటన్లు లేవలేదు. ఆయన పెదాలు నల్లబడుతున్నాయి.

"అక్కా..." ఆమెను ఎన్నడూ అలా పిలవలేదు. "ఆ చోటు నీదే. ఆ వాక్యం రేపే చెరిపించేస్తా. ఇప్పటికి ఆయన్ని నాకు వదిలెయ్ అక్కా..."

టక్కున బటన్లు లేచాయి. మళ్లీ సైరన్. షాక్ ఒంటికి బాగా అందడానికి చొక్కాలోంచి నీలం జెల్ చిమ్మింది. ఆయన ఒళ్లు ఎగిరిపడింది.

కాసేపటికి కళ్లు తెరిచి, నా భుజం మీదుగా చూశాడు.

"ఇద్దరూ ఈడే ఉండారా?" అన్నాడు.

బతికినందుకు ఏడ్చాను. ఆ మాటకు ఇంకొంచెం ఏడ్చాను.

ఆ రాత్రే నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాం. ఆయన దగ్గర మా తమ్ముడు రూఫస్‌ను ఉంచి, తెల్లారి హజరత్తయ్యను వెంటబెట్టుకుని సమాధుల దగ్గరికి వచ్చాను.

కుడి సగం నున్నగా ఉంది. ఒక్క అక్షరం లేదు.

"నిన్న నా చేత్తో చెక్కినాను గదమ్మా!" హజరత్తయ్య చేతిలో ఉలి జారిపోయింది.

రాయి అంచున రెండు బొటనవేళ్ల అచ్చులు. నీలంగా, ఇంకా తడిగా. ఆయన ఒంటి మీది జెల్ ఆమెకెందుకు? కుళ్లు ఆపుకోలేక, తుడిచేద్దామని చెయ్యి ఆనించాను.

అరచేతి కింద రాయి గుర్రుమని వణికింది.