నడవా లేని రైలు

అత్తగారు సూట్‌కేసు సర్దేసుకున్నారు. తెల్లారితే కూతురింటికి ప్రయాణం. మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పలేదు, అడిగే ధైర్యం కోడలికి లేదు. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని, కుట్టిన చోటే మళ్ళీ కుడుతూ, ఆ సూట్‌కేసు వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడింది ఆ పిచ్చితల్లి...

ఇంతకీ గొడవేమిటని? నెల క్రితం అత్తగారు పొయ్యి మీద పాలు పెట్టి, మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్ళి ఆ సంగతే మరిచిపోయారు. గిన్నె మాడి ఇల్లంతా పొగ. బజారు నుంచి వచ్చిన కోడలు, "ఇకమీదట మీరు పొయ్యి జోలికి రావద్దు" అని గట్టిగా అరిచింది. నాలుగు గోడల మధ్య అన్నా బాగుండేది, పక్కింటావిడ గుమ్మంలోనే ఉంది. ఇన్నేళ్ళు ఆ వంటింటిని ఏలిన మనిషికి తల కొట్టేసినట్టయింది.

అప్పటి నుంచి అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. ఏ మాటైనా ఆ ఇంటి అబ్బాయి మోయాల్సిందే. గడియారాలు బాగుచేసే ఆ మహానుభావుడికి చేతిలో ఉన్న నేర్పు నోట్లో లేదు. "అత్తయ్య మాత్ర వేసుకున్నారో లేదో కనుక్కోండి" అని భార్య అంటే, తల్లి దగ్గరికెళ్ళి "మాత్ర వేసుకోమంటోంది" అనేవాడు. "వేళకి తినమను దాన్ని" అని తల్లి అంటే, "ఇంకా తినలేదేమని అడుగుతోంది" అని చేరవేసేవాడు. ఇక ఆ మంట ఆరేదెలా?

"వెళ్ళేముందు ఒక్కరోజైనా కలిసి తిరుగుదాం" అంటూ ఆ రోజు ఇద్దరినీ పాతకాలపు ఆవిరి రైలు ఎక్కించడానికి తీసుకొచ్చాడు. మూతబడిన లైనును రైళ్ళంటే పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు బాగుచేసి సెలవురోజుల్లో నడుపుతున్నారు. ఒకసారి టికెట్టు కొంటే సాయంత్రం దాకా ఎన్నిసార్లయినా తిరగొచ్చు.

ఆడవాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, ఇంజన్లో బొగ్గు వేయడం చూసొస్తానని వెళ్ళాడు. చూస్తూ ఒళ్ళు మరిచిపోయాడు. గార్డు విజిల్ వేసేసరికి పరుగెత్తుకొచ్చి, చేతికందిన తలుపు పట్టుకుని ఎక్కేశాడు. లోపల్నించి నడుచుకుంటూ తమవాళ్ళ దగ్గరికి పోవచ్చనుకున్నాడు పాపం. కానీ అది ఆనాటి రైలు. పెట్టెల్లో విడివిడిగా చిన్న గదులు, ప్రతి గదికీ బయటికి తలుపులే గాని, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారే లేదు. మధ్యలో ఎక్కడా ఆగదు, చివరి స్టేషను వచ్చేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే.

ఆ చిన్న గదిలో అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు. ఎదురెదురు బెంచీలు, మధ్యలో మాట మోసే మనిషి లేడు.

రైలు మలుపు తిరగ్గానే పొగ లోపలికి కొట్టింది. "ఒరేయ్, మీ ఆవిణ్ణి ఆ కిటికీ..." అని అలవాటుగా మొదలుపెట్టి, ఖాళీ చోటు చూసి నాలిక్కరుచుకున్నారు అత్తగారు. "ఏమండీ, అత్తయ్యని కాస్త ఇటు..." అంటూ కోడలూ అదే పని చేసింది. చూపులు కలిశాయి. అత్తగారి పెదవి వణికింది. ఏడుపేమోనని కోడలు కంగారుపడింది... తీరా చూస్తే అది నవ్వు. ఇంకేముంది, కోడలూ ఆపుకోలేకపోయింది. ఇద్దరూ కలిసి తోలుపట్టీ లాగి కిటికీ అద్దం పైకెత్తి మూసేశారు.

నవ్వి నవ్వి, ఉన్నట్టుండి కోడలు ఏడ్చేసింది.

"ఆ రోజు నేను కోపంతో అరవలేదు అత్తయ్యా, భయంతో అరిచాను. ఇంటినిండా పొగ... పిలిస్తే మీరు పలకలేదు. నాకు అమ్మ లేదు, ఉన్నది మీరొక్కరే కదా..."

అత్తగారు లేచి వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదే పిచ్చిదానా? నీకు అడ్డమైపోయాననుకుని కదా వెళ్ళిపోతానన్నది."

"మీ అబ్బాయితో చెప్పి పంపే మాట కాదు కదండీ అది."

"అదీ నిజమే. వాడి నోట్లో పడితే కొంపలంటుకునేవి." ఆవిడ తన చేతిరుమాలుతో కోడలి మొహం మీది మసీ, కన్నీళ్ళూ కలిపి తుడిచారు. మసి ఇంకాస్త పూసినట్టయింది, అది వేరే సంగతి. "నాకు మరుపొస్తోందే అమ్మాయ్. ఒప్పుకోవడానికి సిగ్గేసింది."

"వంట మీరే చేయండి. నా మిషను వంటింటి పక్కకి జరుపుకుంటాను. పొయ్యి మీద ఏముందో ఇద్దరం చూసుకుందాం."

చివరి స్టేషనులో అబ్బాయి చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరికీ ఒకేసారి సర్దిచెప్పబోయాడు.

"నువ్వు ఆగరా. ముందు మీ అక్కకి ఫోన్ కలుపు" అన్నారు అత్తగారు.

"నేను రావడం లేదే... అలకా లేదు, గిలకా లేదు. నా కోడలికి ఏదీ చేతకాదు, నేను లేకపోతే ఒక్క పూట గడవదు" అని కూతురికి ఫోన్లో, ప్లాట్‌ఫారమంతా వినబడేలా చెప్పారు.

జనమంతా తిరిగి చూశారు. తన చేతకానితనం గురించి అంతమందిలో విని, ఏ కోడలూ అంతగా సంతోషించి ఉండదు.