వెండిగీత లేని డయోడ్

"మీ తలుపుకి నా మీద కోపమేమైనా ఉందా?"

మెట్లెక్కి వచ్చిన లాకు మెకానిక్‌కి గుమ్మంలోనే ఎదురైన ప్రశ్న అది. అడిగింది రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి. భుజం రుద్దుకుంటూ నిలబడింది.

"ఏమైందండీ?"

"కార్డు చూపిస్తే పచ్చ లైటు వెలుగుతుంది. వెలిగింది కదా అని భుజంతో నెడితే గోడని నెట్టినట్టే! కాస్త ఆగి, అప్పుడు తెరుచుకుంటుంది. ఇవాళ ట్రేలో ట్యూబులు కిందపడబోయాయి."

అతను తలుపు పైనున్న లాకు వైపు చూశాడు. తప్పు తనదే. తలుపుని నడిపే సర్క్యూట్ బోర్డు మాటిమాటికీ కాలిపోతోందని పిలిస్తే, కిందటి వారం ఆ అయస్కాంతం లాకుకి డయోడ్ అనే చిన్న ముక్క బిగించాడు. కరెంటు ఆపగానే లాకు వెనక్కి కొట్టే కరెంటు దెబ్బని డయోడ్ కాచుకుంటుంది, బోర్డు బతుకుతుంది. కాకపోతే అయస్కాంతం పట్టు వెంటనే వదలదు.

ఆ డయోడ్ కూడా మొదట తిరగేసి పెట్టాడు మహానుభావుడు. దాని మీది వెండిగీత ప్లస్ వైపు ఉండాలి. సరిగ్గా అది బిగిస్తున్నప్పుడే ఈ అమ్మాయి పలకరించి నవ్వింది. స్విచ్ వేయగానే ఫ్యూజు టప్పున పోయింది.

"కిందటి వారం పెట్టిన ఆ డయోడేదో తీసిపారెయ్ బాబూ," అంది ల్యాబు నడిపే ఆవిడ. ఆ అమ్మాయికి పిన్ని.

"తీస్తే మళ్లీ బోర్డు కాలుతుందండీ."

"ఉంచితే మా పిల్ల భుజం విరుగుతుంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెయ్యి. నీ వల్ల కాకపోతే వేరేవాళ్లని పిలుచుకుంటాను."

అతను మనసులోనే లెక్కేసుకున్నాడు. తలుపు బాగుపడకపోతే ఇక్కడికి ఇక రానివ్వరు. బాగుపడితే రావాల్సిన పనే ఉండదు. ఎటు చూసినా ఆ నవ్వు మళ్లీ కనబడే దారి లేదు. అయినా పని పనే కదా అనుకుని స్టూలెక్కాడు. పాత డయోడ్ ఊడదీసి, డబ్బాలోంచి ఇంకో రకం తీశాడు.

"దీనికి వెండిగీత లేదేం?" కింద నిలబడి అడిగింది అమ్మాయి.

"గీత సంగతి మీకెలా తెలుసు?"

"కిందటిసారి ముందు గీత కిందికి పెట్టారు. ఫ్యూజు పోయాక పైకి పెట్టారు. చూశానుగా."

"అంతసేపూ నన్నే చూశారా?"

"తలుపుని!" అంటూ గభాలున కిటికీ వైపు తిరిగింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇది ఎటు పెట్టినా పనిచేస్తుందండీ. దెబ్బ మరీ ఎక్కువైతేనే అడ్డుపడుతుంది. బోర్డూ బతుకుతుంది, పట్టూ చప్పున వదులుతుంది."

"అంటే నేను నవ్వినా ఫ్యూజు పోదన్నమాట."

స్టూలు మీద ఉన్న మనిషి పడకుండా గోడ పట్టుకున్నాడు.

కార్డు చూపించారు. పచ్చ లైటూ, తలుపూ ఒకేసారి పలికాయి. పిన్ని మెచ్చుకుంది. అతను మాత్రం ఒక్కో స్క్రూడ్రైవరునీ నిదానంగా సర్దుకుని, దిగాలుగా మెట్లు దిగాడు.

రెండు రోజులకి ఫోన్ మోగింది. "తలుపుతో మళ్లీ ఇబ్బందిగా ఉంది. వస్తారా?" అదే గొంతు.

వాన పడుతోందన్న సంగతి సగం దారిలో గానీ తెలియలేదతనికి. తడిసి ముద్దయి వచ్చి, కార్డు అడిగి తీసుకుని, తలుపు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"బాగానే ఉందిగా?"

"ఉంది. అదే ఇబ్బంది." ఆమె నేల చూపులు చూసింది. "ఇంత బాగా పనిచేస్తే మీరింకెందుకొస్తారు?"

వాన నీళ్లు గడ్డం మీంచి కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఆ రోజు మెట్లు దిగుతున్నప్పటి నుంచీ నాది కూడా ఇదే బాధండీ. మీరంటే నాకు చాలా ఇష్టం. చెప్పే ధైర్యం లేక డబ్బా సర్దుకుని పోయాను."

"అయితే ఫ్యూజు పోయింది నా వల్లేనా?"

"ముమ్మాటికీ మీ వల్లే!"

ఇద్దరూ నవ్వుతుంటే లోపలి నుంచి పిన్ని గొంతు వినబడింది.

"ఆ తలుపు ఎంతసేపు పరీక్షిస్తావు బాబూ? తల తుడుచుకుని లోపలికి రా. మీ అమ్మగారి నంబరు కావాలి నాకు."