తొమ్మిదో గుంత

నెక్కొండ స్టేషన్ దాటాక పట్టాల పక్కన మట్టి పరీక్షల అధికారి వెంకట్రాజం శవం దొరికింది. జేబులో ఫోనుంది, చేతికి వాచీ ఉంది. అతను తీసిన మట్టి శాంపిళ్ళ పెట్టె మాత్రం లేదు.

మూడో రోజు పొద్దున, హన్మకొండలో ఒక జిరాక్స్ షాపు వెనక గది. చీఫ్ ఫ్రాన్సిస్ ఏజెంట్ కీర్తన ముందు ఒక ఫొటో పెట్టాడు.

"మూతబడ్డ పురుగుమందుల ఫ్యాక్టరీ. ఒక విదేశీ ముఠా కొన్నది. వాళ్ళ దేశంల పారెయ్యనియ్యని విషాన్ని డ్రమ్ములల్ల తెచ్చి ఈడ పాతిపెట్టింది. పక్కనే ఆడపిల్లల హాస్టల్. మూడొందల మంది. మట్టి రిపోర్టు క్లీన్ అని కోర్టుకు పోతే, ఆ ఫ్యాక్టరీ బోరు నీళ్ళే వాళ్ళ నల్లాకు వదులుతరు."

"వెంకట్రాజం సార్ తీసింది క్లీన్ కాదన్నట్టు."

"కాదు గనుకనే సచ్చిపోయిండు. ఇయ్యాల కోర్టు మనుషులు మళ్ళ తీస్తాన్రు. ఇన్‌చార్జి పద్మలత మన డిపార్ట్‌మెంటే, కని నువ్వెవరో ఆమెకు తెల్వదు."

"నేనేం చెయ్యాలె సార్?"

"బకెట్లు పట్టుకొని కడగాలె." ఆమె చేతిలో ఒక వాచీ పెట్టాడు. "విషం ఆవిరి తగిలితే ఇది వణుకుతది."

మధ్యాహ్నానికి కీర్తన వెలిసిన చీరలో, పొగచూరిన ఫ్యాక్టరీ గోడల మధ్య కూర్చుని ఆగర్ కడుగుతోంది. ఆగర్ అంటే భూమిలోకి దిగే మరమేకు లాంటి నిలువెత్తు ఇనుము. గుంతకూ గుంతకూ మధ్య సబ్బునీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో ఒకసారి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడగాలి. ఒక గుంత మట్టి రవ్వంత ఇంకో గుంతలో కలిసినా పరీక్ష చెల్లదు. అందుకే శుభ్రమైన వైపు మొదలుపెట్టి డ్రమ్ముల వైపు జరుగుతున్నారు.

పద్మలత నల్ల కళ్ళద్దాల్లో, దుమ్ములోనూ చెదరని లిప్‌స్టిక్‌తో నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఎనిమిది గుంతల దాకా ఎవరు గ్లవ్స్ మార్చకపోయినా అరిచింది.

తొమ్మిదోది డ్రమ్ముల నడుమ. కడిగిపెట్టిన ఆగర్‌కు డ్రిల్లర్ భానుచందర్ కుంకుమ తడిపి నిలువునా పెద్ద బొట్టు పెట్టాడు.

"అరే, గదేం పని? రంగు మట్టిల కలుస్తది!" అంది కీర్తన.

"చూడక్కా, వెయ్యి బోర్లేసిన. గంగమ్మకు మొక్కకుంట ఒక్కటి దించలే. ఇయ్యాల ఎనిమిదింటికి మేడం అరుస్తదని ఊకున్న. ఇది కష్టమైన గుంత."

ఇద్దరూ పద్మలత వైపు చూశారు. ఆమె నవ్వింది. "పోనీలే, మొక్కుకోనీ. దించు."

కీర్తనకు అనుమానం వచ్చింది. కుంకుమలో రంగు ఉంటుంది, ఒక్కోసారి సీసం కూడా ఉంటుంది. ఆ సంగతి పద్మలతకు తెలియక కాదు. ఈ గుంత మట్టి లాబొరేటరీకి చేరదని తెలిసిన మనిషే అలా పోనీలే అనగలదు.

"నా పని నేను చేస్త మేడం," అని కీర్తన మళ్ళీ మూడుసార్లు కడిగింది. భానుచందర్ మూతి ముడిచాడు.

మట్టి పైకొచ్చేసరికి వాచీ పిచ్చిగా వణికింది. సీసాల నిండా మట్టి నింపి, ఐసు పెట్టెలో పెట్టి, సీలు వేశారు.

నాలుగింటికి లాబొరేటరీ వ్యాన్ వచ్చింది. కీర్తన బకెట్ పట్టుకుని దగ్గరగా వెళ్ళింది. పద్మలత వ్యాన్‌లోకి ఎక్కిస్తున్న పెట్టె దగ్గర వాచీ కదల్లేదు. పద్మలత జీపు పక్కనుంచి నడిచినప్పుడు వణికింది. సీటు కింద అచ్చంగా అలాంటిదే ఇంకో పెట్టె. అడుగున తొమ్మిదో గుంత బురద.

వ్యాన్ బయలుదేరింది. కీర్తన వీపుకు తుపాకీ ఆనింది.

"మంచి ముక్కే నీది," అంది పద్మలత. "వెంకట్రాజం గూడ ఇట్లనే పసిగట్టిండు."

"మూడొందల మంది పిల్లలు మేడం."

"అందుల నావాళ్ళెవరూ లేరు."

కీర్తన గిర్రున తిరిగి, బకెట్లోని సబ్బునీళ్ళు ఆమె కళ్ళలో కొట్టింది. తుపాకీ పేలింది. భుజం మండింది. రెండోసారి పేలేలోగా భానుచందర్ పద్మలత రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టాడు. కీర్తన జీపులోని పెట్టెతో పరుగెత్తి, గేటు దాటుతున్న వ్యాన్‌కు అడ్డంగా నిలబడింది.

లాబొరేటరీ ఉద్యోగిని రాహేలు దిగింది. రెండు పెట్టెలూ చూసింది. బురద పెట్టె సీలు వేలితో తడిమింది.

"సీలు సక్కగనే ఉన్నది. తీస్కుంట. కని పెట్టె చేతికొచ్చేసరికి పది నిమిషాలు లేటైంది. ఫారంల కారణం రాయాలె."

కీర్తన మోచేతి మీదుగా కారుతున్న రక్తం కాగితం మీద పడకుండా చూసుకుంటూ రాసింది: 'ఇన్‌చార్జి కాల్చినందున.'

రాహేలు చదివింది. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎన్నిసార్లు కాల్చిందో గూడ రాయుండ్రి మేడం. మా సార్ అడుగుతడు."