పైకెక్కిన కమాండ్

“ఒక్క ఫోల్డరే తేవాల. పైకెక్కకు లా,” అంది రత్నావతి, ఆ ఊళ్ళ అలవాటుగా చివర ‘లా’ తగిలించి.

ఆమె గూఢచారి శాఖకు చీఫ్. ఎదుట ఏజెంట్ తివ్యన్ నిలబడ్డాడు. ఒంటి మీద ఫుడ్ డెలివరీ చొక్కా, చేతిలో హెల్మెట్. భుజాన భోజనం సంచి. అందులో భోజనం లేదు, లాప్‌టాప్ ఉంది.

బ్రీఫింగ్ పొట్టిది. సుంగై పెటాని ఊళ్ళో ఒక టైర్ల కొట్టు మేడ మీద విదేశీ ముఠా ఆఫీసు. వాళ్ళ సర్వర్‌లో ‘రేవు’ అనే ఫోల్డర్. దాని నిండా దొంగిలించిన ఓడరేవు ప్లాన్లు. మధ్యాహ్నం చెరిపేస్తారు. ఆలోగా ఫోల్డర్ మొత్తం కాపీ కావాలి. సాక్ష్యం ఉంటేనే అరెస్టులు.

“లోపల మోహనప్రియ ఉంది. పాస్‌వర్డ్ ఆమే ఇస్తాది.”

“ఆమెను బైటికి తెచ్చేదెవురు?”

“ప్రేమ్‌నాథ్. బండి మీద.”

“మళ్ళీ ఆడేనా?”

“ఏటి, నీకు నొప్పా?”

“నాకేటి నొప్పి, మేడమ్.”

నొప్పే. మోహనప్రియ ముఠాకు సెక్రటరీ, శాఖకు ఏజెంట్. ఆమె నవ్వితే రెండు వైపులవాళ్ళూ రహస్యాలు కక్కేస్తారు. తివ్యన్ ఒక్కడే తన రహస్యం చెప్పలేకపోయాడు.

టైర్ల కొట్టు మెట్ల కింద ఆమె ఎదురైంది. పట్టు జాకెట్టు, నల్ల కళ్ళద్దాలు.

“రొట్టి చల్లారిందా?”

“పప్పు కాలతంది.”

కోడ్ సరిపోయింది. ఆమె వంగి చెవిలో వైఫై పాస్‌వర్డ్ చెప్పింది. సెంటు గుప్పుమంది. నిన్న అదే వాసన ప్రేమ్‌నాథ్ చొక్కా మీద వచ్చింది.

“ఆ సెంటు ఎవురిచ్చినారు?”

“పని సూసుకో అన్నా.”

ఆ ‘అన్నా’కు తివ్యన్ ఒళ్ళు మండింది.

తివ్యన్ మెట్ల పక్కనే కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. డబ్ల్యూగెట్ అనే కమాండ్ కొట్టాడు. దానికి ఫోల్డర్ అడ్రసు ఇస్తే చాలు, లింకులు పట్టుకుని ఫైళ్ళన్నీ దించేస్తుంది. కానీ ‘నో-పేరెంట్’ అని చేర్చాలి. చేర్చకపోతే పై ఫోల్డర్‌లోకి ఎక్కి అక్కడివీ లాగుతుంది. ఎక్కితే ముఠా పెట్టుకున్న అలారం మోగుతుంది.

పై ఫోల్డర్‌లో ముఠా చాటుగా తీసిన ఫొటోలుంటాయని తివ్యన్‌కు తెలుసు. సెక్రటరీ ఎవరితో తిరుగుతుందో అన్నీ.

తివ్యన్ నో-పేరెంట్ టైపు చేశాడు. చూశాడు. చెరిపేశాడు. ఎంటర్ కొట్టాడు.

ఫైళ్ళు వరసగా దిగాయి. దిగినవి దిగినట్టే రత్నావతికి చేరాయి. ‘రేవు’ పూర్తయింది. ఇక లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. కమాండ్ పైకెక్కింది.

మేడ మీద అలారం కీచుమంది.

మొదటి ఫొటో. బాగన్ దాతుక్ ఊళ్ళో కొబ్బరి తోట. మోహనప్రియ, ప్రేమ్‌నాథ్. ఒకటే బొండం, రెండు స్ట్రాలు. తివ్యన్ దాన్ని పెద్దది చేసి మరీ చూశాడు.

తరవాతి ఫోల్డర్ పేరు ‘ఈరోజు’. అందులో ప్రేమ్‌నాథ్ మోటార్‌సైకిలు. సీటు ఊడదీసి ఉంది. కింద వైర్లు, ఒక పొట్లం. వైరు ఒకటి తాళం దాకా పోయింది.

బండి ఎదురుగానే ఉంది. ప్రేమ్‌నాథ్ పొద్దున్నే దాన్ని అక్కడ నిలిపి, వీధి మలుపు అవతల కాఫీ కొట్టులో కూర్చున్నాడు. ఇప్పుడు ఈల వేసుకుంటూ వస్తున్నాడు. తల దువ్వుకున్నాడు. తాళంచెవి పెట్టాడు.

ఒక్క కేక చాలు. ఆ కేక ఒక్క ఊపిరి పాటు తివ్యన్ గొంతులో ఆగింది.

“ఒరే! తాళం తిప్పకురా!”

ప్రేమ్‌నాథ్ పళ్ళికిలించాడు. “ఏటి లా అన్నా? ఆమెను నేనెక్కించుకుపోతే నీకంత కుళ్ళా?”

“కుళ్ళే! తిప్పకు!”

ప్రేమ్‌నాథ్ మణికట్టు తిరగబోయింది. తివ్యన్ హెల్మెట్ విసిరాడు. ప్రేమ్‌నాథ్ చెయ్యి పక్కకు పోయింది. తాళంచెవి ఎగిరి మురుక్కాలువలో పడింది.

“సీటు కింద బాంబు, సన్నాసీ!”

ముఠావాళ్ళు మెట్లు దిగి పరుగెత్తుకొచ్చారు. మోహనప్రియ కాలు అడ్డం పెట్టింది. ముందువాడు వెనకవాణ్ణి వెంటేసుకుని దొర్లాడు. ‘రేవు’ చూడగానే రత్నావతి పంపిన పోలీసులు కింద పట్టుకున్నారు.

ఫోన్ మోగింది.

“పైకెందుకెక్కినావు?” రత్నావతి గొంతు.

“చెయ్యి జారింది, మేడమ్.”

“చెయ్యేనా?”

తివ్యన్ లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టాడు.

“సరే. శాఖ కారు వస్తాది. ఆ ఇద్దరినీ నువ్వే అందులో ఇపో ఊళ్ళో దింపు.”

బాంబు స్క్వాడ్ బండిని పట్టుకుపోయింది. మోహనప్రియ, ప్రేమ్‌నాథ్ వెనక సీట్లో కూర్చున్నారు. తివ్యన్ కారు స్టార్ట్ చేసి, వెనక సీటు కనబడే అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు.