ఇంకా పెద్ద బాల్కనీ

ఓడ పక్కవైపు డెక్కు రెయిలింగ్‌కి చుట్టుకుని ఒక శాలువా కనిపించింది.

తెల్లవారింది గానీ పొగమంచు విడలేదు. డెక్కు కడగడానికి వచ్చిన పనివాడు శాలువా చూసి వాకీటాకీలో చెప్పాడు. అప్పటికే ఓడ వెనకవైపు కేబిన్ నుంచి ఒకాయన రిసెప్షన్‌కి ఫోన్ చేసి, తన భార్య కనిపించడం లేదన్నాడు. రెండు కబుర్లూ ఒకచోట కలిశాయి. కెప్టెన్ ఓడని వెనక్కి తిప్పించాడు. లైఫ్‌బోట్లు దించడానికి సిద్ధం చేశారు.

శాలువాని గుర్తుపట్టడానికి, వాళ్ళతో పాటు వచ్చిన ఆవిడ చెల్లెలిని పిలిచారు.

"మా అక్కదే," అంది.   ఈ చలిలో, ఈ నీళ్ళలో మనిషి ఎంతసేపు బతుకుతుందో ఎవరినైనా అడగాలనుంది. జవాబు వినాలంటే భయం వేసి అడగలేదు.

శాలువా అందుకున్నావిడ ఓడ సెక్యూరిటీ ఆఫీసర్. ఒకప్పుడు పోలీసు శాఖలో పనిచేసింది. సిబ్బంది ఆవిణ్ణి వెనకాల 'అల్లం మేడం' అంటారు. సముద్రం పడదు పాపం. కడుపులో తిప్పకుండా నోట్లో ఎప్పుడూ ఒక అల్లం ముక్క ఉంటుంది. ఓడలో ఉద్యోగం చేస్తూ నీళ్ళకేసి చూడలేని మనిషిని ఎక్కడైనా చూశారా? ఇక్కడుంది. ఆ సంగతి అందరికీ నవ్వులాటే. ఈ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"పదమ్మా, గది చూద్దాం," అంది అల్లం మేడం.

గదిలో బావ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చివరిసారి ఎప్పుడు చూశారు సార్?"

"రాత్రి పడుకునేటప్పుడు. లేచేసరికి పక్కన లేదు."

"బాల్కనీలో చూశారా?"

"చూశాను, లేదు. నడకకి వెళ్ళిందేమో అనుకున్నాను."

"నడిచే అలవాటుందా?"

"ఈ మధ్య నిద్ర పట్టడం లేదు తనకి. ఏదేదో ఆలోచిస్తూ కూర్చుంటోంది." గొంతు తగ్గించాడు. "ఎందుకైనా మంచిది, ఆ రూమ్ స్టీవార్డ్‌ని కూడా అడగండి. తువ్వాళ్ళు తెచ్చినప్పుడు వాడి చూపు నాకు నచ్చలేదు. అన్ని గదుల తాళాలూ వాడి దగ్గరే కదా."

గుమ్మం దగ్గర నిలబడ్డ స్టీవార్డ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పక్క డెక్కులో కెమెరా ఉందా?" బావే అడిగాడు.

"ఉంది. మంచు తప్ప ఏమీ పడలేదు."

బావ తల వంచుకున్నాడు. తర్వాత లేచి బాల్కనీలోకి వెళ్ళి, రెయిలింగ్ మీదికి వంగి కిందికి చూస్తూ నిలబడ్డాడు. భుజాలు అదురుతున్నాయి. మంచు అప్పుడప్పుడే పలచబడుతోంది. అల్లం మేడం తలుపు దగ్గరే ఆగిపోయింది. తెల్లగా సుడులు తిరిగే ఆ నీళ్ళని చూస్తే ఆవిడకి అక్కడే వాంతి అయ్యేట్టుంది.

చెల్లెలు మాత్రం బావ పక్కకి పరుగెత్తింది. ఓడ వెనక దూరంగా పోతున్న తెల్లటి చారకేసి, "అక్కా!" అని గొంతు చించుకుని అరిచింది. అరుస్తూనే ఏడ్చేసింది. ఇంజిన్ హోరులో ఆ పిలుపు ఎటు పోయిందో తెలియదు.

బావ ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి లాగాడు. "కిందికి చూడకు బుజ్జీ, కళ్ళు తిరుగుతాయి," అంటూ లోపలికి తీసుకొచ్చాడు.

ఎంత మంచి బావ అనుకుంది చెల్లెలు.

కాసేపటికి బావ రిసెప్షన్‌కి వెళ్తానన్నాడు. ఒంటరిగా వదలడానికి మనసొప్పక చెల్లెలూ వెంట వెళ్ళింది.

"ఆ గదిలో ఇక ఉండలేనమ్మా," అన్నాడు కౌంటర్‌లో అమ్మాయితో. "ఎటు చూసినా తనే కనిపిస్తోంది. గది మార్చండి."

"తప్పకుండా సార్. ముందువైపు ఒకటి ఖాళీ ఉంది."

"వద్దు. మా కిందిదే ఇవ్వండి. ఖాళీయే కదా?"

"ఏసీ నీళ్ళు కారి కార్పెట్ తడిసిపోయింది సార్. మూసి ఉంచాం. రేపటికి గానీ ఆరదు."

"ఫరవాలేదు."

"బాల్కనీ మీదానికంటే పెద్దదే అనుకోండి. కానీ..."

"అందుకే అడుగుతున్నాను. కొంచెం గాలి ఆడాలి నాకు. ఊపిరి అందడం లేదు."

భార్యని పోగొట్టుకున్న మనిషి. ఆ అమ్మాయికి జాలేసింది. కీకార్డు తీసి ఇచ్చేసింది.

"నువ్వు పైకి వెళ్ళి అక్క సామాను సర్దు బుజ్జీ," అన్నాడు బావ. "నేను గది చూసి వస్తాను."

మెట్లెక్కుతున్న చెల్లెలికి ఒళ్ళు మండింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగినట్టుంది వరస. అక్క ఏమైందో తెలియదు. ఈయనకి పెద్ద బాల్కనీ కావలసి వచ్చింది.

గదిలో అల్లం మేడం ఒక్కతే ఉంది. బాల్కనీ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కుర్చీ కిందికి చూస్తోంది.

"ఇది మీ అక్కదేనా?"

చేతిలో ఆకుపచ్చ రబ్బరు చెప్పు, ఎడమ కాలిది.

"అక్కదే."

"రెండోది ఎక్కడా లేదు. ఒంటి చెప్పుతో నడకకి ఎవరు వెళ్తారమ్మా?" అని, అప్పుడు చెల్లెలు అక్క పెట్టె తీస్తుండడం చూసింది. "ఏం చేస్తున్నావు?"

"సర్దమన్నారు బావ. గది మారుతున్నాం. ఈ కిందిది కావాలని అడిగి మరీ తీసుకున్నారు. దాని బాల్కనీ ఇంకా పెద్దదిట."

అల్లం ముక్క నమలడం ఆగిపోయింది.

"ఈ గదిని ఎంచుకుంది ఎవరు?"

"నేనూ అక్కా. బావ మొదట ఓడ పక్కవైపు ఉండే గది తీసుకున్నారు. అందులో బాల్కనీ అంటే కుర్చీ వేస్తే మోకాలు గోడకి తగిలేంత. వెనకవైపు గదులకైతే వసారాలాంటి బాల్కనీ ఉంటుందని నేనే చెప్పి మార్పించాను. కాళ్ళు చాపుకుని కూర్చోవాలని అక్క సరదా. ఓడ ఎక్కేరోజు దాకా బావకి చెప్పలేదు. ఆశ్చర్యపోతారనుకున్నాం."

"ఆశ్చర్యపోయారా?"

 "కోప్పడ్డారు. ఎవరు మార్చమన్నారని అందరి ముందూ అరిచారు. అంత కోపం ఎందుకో అర్థం కాలేదు."

"అది నిన్న సాయంత్రం కదా. ఎక్కాక ఎవరైనా బాల్కనీలోకి వెళ్ళారా?"

"లేదు. వాన పడుతోంది. కర్టెన్ కూడా తియ్యలేదు."

అల్లం మేడం లేచింది. పెదవులు బిగించి, కళ్ళు చిట్లించి, రెయిలింగ్ రెండు చేతులా పట్టుకుంది. ఈ ఓడలో చేరాక ఎన్నడూ చెయ్యని పని చేసింది. కిందికి చూసింది.

చెల్లెలూ చూసింది.

కింద నీళ్ళు లేవు. బాల్కనీ ఉంది. ఓడ వెనక భాగం మెట్లు మెట్లుగా కట్టి ఉంది. కింది అంతస్తు పై అంతస్తు కంటే బయటికి పొడుచుకొచ్చింది. కింది గది బాల్కనీలో సగం వీళ్ళ నేల చాటున ఉంది. మిగతా సగానికి పైన ఆకాశమే.

ఆ మిగతా సగంలో ఒక పడక కుర్చీ విరిగి పడి ఉంది. దాని పక్కన ఆకుపచ్చ చెప్పు.

చెల్లెలి పై ప్రాణాలు పైనే పోయాయి. అరవబోయింది. అల్లం మేడం చెయ్యి వచ్చి నోరు మూసింది.

కింద అద్దం తలుపు జరిగిన చప్పుడు. ఒక నల్ల బూటు బయటికొచ్చింది. ఒక చెయ్యి కిందికి వంగి ఆ చెప్పు తీసుకుంది. మణికట్టుకి ఉన్న వాచీ పోయిన పుట్టినరోజుకి అక్క కొనిపెట్టినది.

"బంగారం," అంది బావ గొంతు, మెల్లగా. "ఎక్కడున్నావు బంగారం? దెబ్బ తగిలిందా?"

 కుర్చీ జరిపిన చప్పుడైంది.

అల్లం మేడం చెల్లెలి చెవిలో గుసగుసగా అంది. "మీ అక్క అక్కడే ఎక్కడో దాక్కుంది. నేను వెళ్తున్నాను. నువ్వు ఆయన్ని మాట్లాడిస్తూ ఉండు. ఏదో ఒకటి అడుగు. నీకేమీ తెలియనట్టే ఉండాలి. ఆపకు."

ఆవిడ వెళ్ళిపోయింది. చెల్లెలు ఒక్కతే మిగిలింది.  గొంతు వణికితే అక్క పోతుంది. మాట ఆగితే అక్క పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెయిలింగ్ మీదికి వంగింది.

"బావా!"

కింద కుర్చీ చప్పుడు ఆగింది. బావ తల బయటికి వచ్చి పైకి తిరిగింది. చెయ్యి వెనక్కి పోయింది.

"ఏం బుజ్జీ?"

"అక్క నీలం డ్రెస్సు ఏ పెట్టెలో పెట్టను?"

"ఏదో ఒకదాంట్లో పెట్టు."

"పెద్దదానికి జిప్పు పట్టడం లేదు."

"చిన్నదాంట్లో పెట్టు మరి."

"దాంట్లో మీ బట్టలున్నాయి. నలిగిపోతాయి."

"నలిగితే నలగనీ." పళ్ళ బిగువున అన్నాడు. "లోపలికి వెళ్ళు. చలిగా ఉంది."

"గది బాగుందా బావా?"

ఆయన చెల్లెలి మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆమె చేతులు రెయిలింగ్ మీద గడగడలాడుతున్నాయి. ఆయన చూపు ఆ చేతుల మీదికి జరిగింది. అక్కడే ఆగింది.

"నువ్వు చూశావు," అన్నాడు.

చటుక్కున లోపలికి తిరిగాడు. పై నేల చాటున ఎక్కడో పేర్చిన పడక కుర్చీల దొంతర దబదబా కూలింది. ఒక ఆడమనిషి గొంతు కెవ్వుమంది. అది అక్క గొంతు. బతికున్న గొంతు.

"అక్కా!"

అదే క్షణంలో పక్కగోడ తెరుచుకుంది. బాల్కనీకీ బాల్కనీకీ మధ్య ఉండేది గోడ కాదు, తాళం వేసిన పలక. బంధువులు పక్కపక్క గదులు తీసుకుంటే స్టీవార్డ్ వచ్చి తాళం తీసి రెండు బాల్కనీలూ ఒకటి చేస్తాడు. ఇప్పుడూ అతనే తీశాడు. పలక వెనక నుంచి అల్లం మేడం, మరో ఇద్దరు గార్డులు.

"గది నచ్చిందా సార్?" అంది అల్లం మేడం.

తర్వాత పెనుగులాట ఎంతోసేపు సాగలేదు.

మెడికల్ రూములో అక్క కాలికి కట్టు కడుతున్నారు. చీలమండ విరిగింది, పక్కటెముక బీటవేసింది. పడక కుర్చీ మీది దిండ్లు ప్రాణం కాపాడాయన్నాడు డాక్టర్. గుమ్మంలో గార్డుల మధ్య బావ నిలబడి ఉన్నాడు. స్టీవార్డ్ ఒక మూలన నిలబడ్డాడు. కెప్టెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మేమంతా సముద్రం గాలిస్తున్నాం. మీకెలా తట్టింది మేడం?"

"నాకూ తట్టలేదు సార్. ఓడ వెనక భాగం మెట్లుగా ఉంటుందని తెలిసీ ఆలోచించలేదు. శాలువా పక్క డెక్కులో దొరికింది కదా అని అటే చూశాను. చూడవలసినప్పుడు కిందికి చూడలేదు. నా కడుపు సంగతి మీకు తెలుసుగా." బావ వైపు తిరిగింది. "ఈయన మాత్రం చూశాడు. భార్య పక్క డెక్కు నుంచి పడిందంటే అక్కడికి పరుగెత్తాలి. లేదా వెనక్కి పోయిన నీళ్ళకేసి చూడాలి. తన కాళ్ళ కిందికి చూస్తూ నిలబడ్డాడు. మేం ఏడుస్తున్నాడనుకున్నాం."

బావ నేల చూపులు చూస్తున్నాడు.

"ఈయన మొదట తీసుకున్న గది ఓడ పక్కవైపుది. అక్కడి నుంచి తోస్తే సరాసరి నీళ్ళే. గది మారింది. కోపం వచ్చింది గానీ, మారినా సముద్రం సముద్రమే కదా అనుకున్నాడు. వానకి బాల్కనీలోకి ఎవరూ వెళ్ళలేదు. పొద్దున మంచులో కిందేముందో కనపడలేదు. తోసేసి, శాలువా తీసుకెళ్ళి పక్క డెక్కులో కట్టి వచ్చాడు. మంచు పలచబడ్డాక చెప్పు కనిపించింది. ఇక ఆ గది తప్ప వేరే గది ఎలా తీసుకుంటాడు? పెళ్ళాం బాల్కనీ గదిలోంచి మాయమైతే ఎవరైనా కిటికీ కూడా లేని గది అడుగుతారు. ఈయన ఇంకా పెద్ద బాల్కనీ అడిగాడు."

"ఎందుకు చేశావయ్యా?" అన్నాడు కెప్టెన్.

"ఆయనకి ఇంకో ఇల్లుంది," అక్క మంచం మీంచి అంది. గొంతు బొంగురుపోయింది. "అక్కడ పెళ్ళాం, పిల్లాడు. నాకు తెలిసిపోయింది. ఇంటికెళ్ళాక అందరికీ చెప్తానన్నాను. ఈ ప్రయాణంలో ఆలోచించుకుందాం అన్నాడు. నమ్మాను."

బావని తీసుకెళ్ళిపోయారు. బూట్ల చప్పుడు దూరమయ్యేదాకా అక్క చెల్లెలి చెయ్యి వదల్లేదు. గోళ్ళు దిగబడుతున్నా చెల్లెలు కదల్లేదు.

"కేకెయ్యొచ్చు కదే," అంది చెల్లెలు ఏడుస్తూ. "నేను పైనే ఉన్నాను. అక్కా అని అరిచాను."

"విన్నాను."

"మరి?"

"స్పృహ వచ్చి కుర్చీల వెనక్కి పాకానో లేదో నువ్వు అరిచావు, జవాబు నోటిదాకా వచ్చింది. ఆ వెంటనే 'కిందికి చూడకు బుజ్జీ' అన్న ఆయన గొంతు వినపడింది. నీ భుజం మీద ఆయన చెయ్యి ఉందని తెలుసు నాకు. రెయిలింగ్ దగ్గరే ఉన్నావనీ తెలుసు." అక్క కుడి చెయ్యి తిప్పి చూపించింది. బొటనవేలి కింద పళ్ళగాట్లు నీలంగా కమిలి ఉన్నాయి. "పలక్కుండా ఉండడానికి కొరుక్కున్నాను."

చెల్లెలు ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. ఆ రెయిలింగ్ దగ్గర తాను ఎవరి చేతుల్లో నిలబడిందో అప్పుడు తెలిసింది.

అల్లం మేడం మెల్లగా దగ్గింది. "ఒడ్డు చేరేదాకా మీ ఇద్దరికీ వేరే గది ఇస్తాం. లోపలివైపు ఇవ్వమంటారా? కిటికీలుండవు. భయం ఉండదు."

అక్క కట్టు కట్టిన కాలు కాస్త చాపుకుంది.

"బాల్కనీ ఉన్నదే ఇవ్వండి," అంది. "కాకపోతే దాని కింద ఇంకో బాల్కనీ ఉండాలి, మీరొకసారి వంగి చూసి ఇవ్వండి."

అల్లం మేడం జేబులో అల్లం ముక్క కోసం వెతుక్కుంటూ, "చూస్తానమ్మా," అంది.