ఐదు వందలవ మనిషి

"ఈ బాంబుకు గడియారం లేదు," అన్నాడు పెద్దాయన. "చిక్కంతా అక్కడే ఉంది."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో అందరూ పిల్లి అంటారు. చప్పుడు లేకుండా వెళ్లి చప్పుడు లేకుండా రావడం అతని విద్య. శనివారం పొద్దున్నే చీఫ్ అయిన పెద్దాయనే పిలిచాడంటే పని చిన్నది కాదని అతనికి తెలుసు.

పెద్దాయన కంప్యూటర్ తెర అతని వైపు తిప్పాడు. ఒక సూపర్‌మార్కెట్ కంపెనీకి నూట పన్నెండు బ్రాంచీలు. ఏ బ్రాంచి ఎక్కడుంది, ఏ గంటలో ఎంతమంది వస్తారు, ఈ నిమిషాన లోపల ఎందరున్నారు, అన్నీ ఆ తెర మీద వెతుక్కోవచ్చు. కొత్త కొట్టు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి వ్యాపారులు చందా కట్టి వాడుకునే టూల్ అది.

"విదేశీ ముఠా ఒకటి దీనికి చందా కట్టింది. బాంబును ఈ అంకెకే ముడిపెట్టారు. లోపలి జనం ఐదు వందలు కాగానే పేలుతుంది."

"టూల్ ఆపేస్తే?"

"సిగ్నల్ తెగినా పేలుతుంది."

"జనాన్ని బయటికి పంపేస్తే?"

"వాళ్ల మనిషి తలుపు దగ్గరే కాపు కాస్తున్నాడు. చేతిలో బటన్. జనం పరుగెత్తితే, తను ముందు బయటపడి నొక్కేస్తాడు."

"కబురు తెచ్చిందెవరు?"

"నెమలి."

పిల్లి ముఖం చిట్లించాడు. నెమలి ఆ డేటా కంపెనీలోనే పనిచేస్తుంది. అందగత్తె. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది, డిపార్ట్‌మెంట్ మన మనిషి అనుకుంటుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి ఏ ఒడ్డున దిగుతుందో ఎవరు చెప్పగలరు?

"ఏ బ్రాంచి?"

"ముప్పై ఎనిమిది."

ఆ బ్రాంచి మేనేజరు పిల్లి తోడబుట్టిన అక్క. తల్లి పోయాక తల్లయి పెంచిన మనిషి. చెబితే చీఫ్ ఈ పనిలోంచి తప్పిస్తాడు. అందుకే చెప్పలేదు. అడగలేదు కనుక అబద్ధం కాదనుకున్నాడు. దేవుడు ఆ తేడా ఒప్పుకుంటాడో లేదో మరి.

పదకొండు దాటేసరికి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో, చేతిలో పనిముట్ల సంచితో పిల్లి ఆ బ్రాంచి తలుపు దాటాడు. చేతి గడియారంలో ఆ టూల్ అంకె వెలుగుతోంది: 461.

నల్లకళ్లద్దాల ఆవిడ ట్రాలీ తోసుకుంటూ పక్కకొచ్చింది.

"లోపల చలి ఎక్కువండీ."

"శాలువా తెచ్చుకున్నాను," అన్నాడు పిల్లి. కోడ్ కలిసింది.

"బటన్ ఎవరి దగ్గరుందో నాకూ తెలీదు. నన్ను నమ్మకపోయినా సరే, తొందరగా కానివ్వండి," అని నెమలి సాగిపోయింది.

అక్క బిల్లింగ్ కౌంటర్ వెనక ఉంది. "ఏరా, ఆ మీసమేమిటి? గొంగళిపురుగు పాకినట్టుంది."

"నవ్వుతూనే విను అక్కా," అని నాలుగు ముక్కల్లో చెప్పాడు.

నవ్వు ఆమె ముఖం మీద అలాగే అతుక్కుపోయింది. "పొద్దున ఎవరో కొత్త ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ దింపిపోయారురా. ప్లగ్గు పెట్టకుండానే లోపల పచ్చలైటు వెలుగుతోంది."

పిల్లి ఫ్రీజర్ వెనక మోకరిల్లి రేకు విప్పాడు. రెండు డబ్బాలు, ఒక ఫోను, వాటి చుట్టూ జడలల్లినట్టు వైర్లు. ఒక్కొక్కటే విడదీయాలి. పది నిమిషాల పని. అంకె 486.

"తలుపు దగ్గర జనాన్ని ఆపగలవా?"

"ఆపితే గొడవ చేస్తారు. వాడికి తెలిసిపోతుంది." అక్క గొంతు తగ్గించింది. "ఒక పాడు పని చేస్తున్నానురా. జనం తక్కువైతే బ్రాంచి మూసేస్తామని హెడ్డాఫీసు బెదిరించింది. పద్నాలుగు మంది పొట్టలు. అందుకని ఖాళీ వేళల్లో తలుపు పైన జనాన్ని లెక్కపెట్టే సెన్సార్ కింద పిన్నితో బూజుకర్ర ఊపిస్తున్నా. బయటినుంచి లోపలికి ఊపితే మనిషి వచ్చినట్టు లెక్క."

"లోపల్నుంచి బయటికి ఊపితే?"

అక్క కళ్లు పెద్దవయ్యాయి.

పిన్ని అంటే అక్కడ ఊడ్చే ముసలమ్మ. అక్క ఆమె చెవిలో ఏదో చెప్పింది.

"తిరగేసా? టార్గెట్ వద్దా?"

"వద్దు పిన్నీ."

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది," అంటూ పిన్ని కర్ర అందుకుంది.

495. 498. 499. గుమ్మంలో నలుగురు పిల్లలతో ఒక తల్లి కాలు పెట్టబోయింది. అంతలో కర్ర బయటికి ఊగింది, కిందికి దిగింది, మళ్లీ లేచి ఊగింది. "ఆగమ్మా, బూజు కళ్లల్లో పడుద్ది," అని పిన్ని కసిరింది. 496. 490. జనం జనంలాగే ఉన్నారు, అంకె మాత్రం కరిగిపోతోంది. 431.

గుమ్మం పక్క పూలకుండీల దగ్గర ఖాళీ బుట్టతో నిలబడ్డ ఒక మనిషి ఫోను చూశాడు. జనాన్ని చూశాడు. మళ్లీ ఫోను చూశాడు. తల ఎత్తి బూజుకర్రను చూశాడు. అతని కుడిచెయ్యి జేబులోకి పోయింది, కాళ్లు తలుపు వైపు కదిలాయి.

ఫ్రీజర్ వెనకనుంచి పిల్లికి అంతా కనిపిస్తోంది. చేతులు మాత్రం వైర్లలో ఉన్నాయి. వదిలితే అందరూ పోతారు. నెమలి హ్యాండ్‌బ్యాగ్ తెరుస్తూ ఆ మనిషి వైపే నడిచింది. తప్పించడానికా, తప్పుకోవడానికా? నమ్మడం తప్ప పిల్లి చేతిలో మరో పని మిగల్లేదు. దేవుణ్ణీ అంతేగా నమ్ముతాం అనుకుని చివరి వైరు మీద కట్టర్ ఆనించాడు.

నెమలి బ్యాగులోంచి తీసిన లిప్‌స్టిక్‌లోంచి ఆ మనిషి ముఖం మీదికి సన్నని పొగ చిమ్మింది. బటన్ మీది బొటనవేలు సగంలో ఆగిపోయింది.

"ఏవండీ, మళ్లీ తల తిరిగిందా? టిఫిన్ తినమంటే వింటారా," అంటూ నెమలి ఒరిగిపోతున్నవాణ్ణి భార్యలా పట్టుకుంది. బటన్ ఆమె బ్యాగులోకి జారింది. వైరు తెగింది. పచ్చలైటు ఆరిపోయింది.

చుట్టుపక్కల ఎవరూ బుట్టలోంచి తల ఎత్తలేదు.

సోమవారం అక్క ఫోన్ చేసింది. "హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చిందిరా. శనివారం పదకొండున్నరకు ఏమీ కొనకుండా నూట ఎనభై మంది ఎందుకు వెళ్లిపోయారో సంజాయిషీ రాయాలట. నిజం రాసెయ్యనా?"

"ఏ నిజం అక్కా?"

"ఏసీ చెడిందని రాస్తాలే. మెకానిక్ సంతకం కూడా అడుగుతారు, సాయంత్రం ఓసారి వచ్చి పెట్టిపో."