డెలియా ఉన్న వార్డు తలుపు

మా ఊరి కొండ మీది పిచ్చాసుపత్రికి మంచి పేరు ఏనాడూ లేదు. నడిచిన రోజుల్లో దాని పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టేవాళ్ళం. మూతపడ్డాక మేమే భయపడ్డాం. ముప్పై ఏళ్ళుగా పైకప్పు పలకలు జారుతూనే ఉన్నాయి. కిటికీల్లోంచి తీగలు లోపలికి పాకాయి. వెనక శ్మశానంలో పేర్లు లేవు — ఇనుప శిలువలు, వాటి మీద అంకెలు.

ఆ అంకెల్లో ఒకటి మా ఊరి మాలకీ వాళ్ళ అక్క డెలియాది. ఏ అంకో అతనికి తెలీదు.

డెలియాకి పందొమ్మిదేళ్ళప్పుడు తండ్రి సంతకం పెట్టి అక్కడ దింపి వచ్చాడు. చూపించిన వాణ్ణి చేసుకోననడమే ఆమె పిచ్చి. ఇరవై ఆరేళ్ళు అక్కడే ఉండి, అక్కడే పోయింది. ఆమె పోయేనాటికి మాలకీ పెళ్ళాం పిల్లలున్నవాడు. ఒక్కసారి కూడా చూడటానికి వెళ్ళలేదు.

మొన్న శనివారం తెలిసింది, సోమవారం పొద్దున్నే భవనం కూల్చేస్తారని. ఎవరిని ఏ అంకె కింద పాతిపెట్టారో రాసిన పుస్తకం ఇంకా లోపలే ఉందని ఎవరో అన్నారు. అదీ పోతే డెలియా ఏ అంకె కింద ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. నవంబరు చీకటి, నాలుగున్నరకే పడింది. మాలకీ టార్చి తీసుకుని ఒక్కడే వెళ్ళాడు.

లోపల జరిగింది, అతను చెప్పగా విన్నదే.

పుస్తకం దొరికింది. వాన నీటికి నాని రొట్టె ముద్దలా అయిపోయింది. ముట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది... ఒక్క పేరూ మిగల్లేదు. కనీసం ఆమె పడుకున్న చోటైనా చూద్దామని ఆడవాళ్ళ వార్డులోకి అడుగుపెట్టాడు. గాలి వీచింది. వెనక తలుపు పడింది.

ఆ తలుపులకి లోపలివైపు పిడి ఉండదు. ఊడదీసి పెట్టుకునే ఆ పిడి నర్సుల జేబుల్లో ఉండేది.

తట్టాడు. అరిచాడు. టార్చి ఆరిపోయింది. పిడికిలి తోలు ఊడేదాకా తట్టాడు. చలికి కాళ్ళు ఉన్నట్టే తెలియడం లేదు — ఇక్కడే పోతాననుకున్నాడు.

అప్పుడు... చెవి పక్కనే, చాలా మెల్లగా —

"తట్టకు తమ్ముడూ. ఎవరూ రారు. నేనూ తట్టాను."

పొద్దున కూల్చేవాళ్ళు పెట్టిన కాపలావాడు వచ్చి తెరిచేదాకా గోడకి ఆనుకుని కూర్చున్నాడట. పక్కన ఇంకెవరో కూర్చున్నట్టే ఉందట.

ఆదివారం సాయంత్రం పబ్బులో ఇదంతా చెప్పి, కట్టు కట్టిన చేత్తో గ్లాసు పట్టుకుని మా ముగ్గురి మొహాలూ చూశాడు. శనివారం పేకాట ముగించుకుని మేం ఆ ఆసుపత్రి పక్కనుంచే ఇంటికి పోయామని అతనికి తెలుసు.

"నేను తట్టింది వినపడలేదా? గొప్ప పోటుగాళ్ళు."

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు. విన్నామన్నాను. దెయ్యమనుకుని, శిలువ గీసుకుని, నడక పెంచామన్నాను. అప్పుడే చర్చి గంట పదకొండు కొట్టిందన్నాను.

మాలకీ గ్లాసు కింద పెట్టాడు.

"పదకొండా?"

"పదకొండే. ముగ్గురం విన్నాం."

"ఎనిమిది కొట్టకముందే ఆపేశాను, కోల్మన్. తను వద్దన్నాక మళ్ళీ తట్టలేదు. ఆ తర్వాత లోపల చప్పుడే లేదు."

అతను పొయ్యికేసి చూశాడు.

"కాపలావాడు నన్ను బయటికి లాగి... తనింకా లోపలుండగానే ఆ తలుపు మళ్ళీ మూసేశాడయ్యా."

లేచి కోటు తొడుక్కున్నాడు. పబ్బు యజమానిని గునపం అడిగి తీసుకున్నాడు. కూల్చేవాళ్ళు ఏడింటికి వస్తారు.

ఈసారి నేనూ వెంట వెళ్ళాను.